లాగుతుంది సరే... మోస్తుందా?

వారమంతా ఆఫీసుకి వెళ్లాలి. సెలవులొస్తే చక్రాల ఇంటిని... అదే, క్యాంపర్‌ని వెనక తగిలించుకుని ఏ ఎల్లోస్టోన్‌కో చెక్కేయాలి. రెంటికీ ఒకే బండి! అమెరికాలో పికప్ ట్రక్కు కొనే చాలామంది కోరిక ఇది. ఫోర్డ్ ఎఫ్-150 లాంటివి సరైన ఇంజిన్‌తో నాలుగు టన్నులకు పైనే లాగుతాయి. మూడు టన్నుల క్యాంపర్ ఓ లెక్కా అనిపిస్తుంది. చిక్కంతా అక్కడే.

క్యాంపర్ బరువులో పది నుంచి పదిహేను శాతం ట్రక్కు కొక్కెం మీద పడాలి. తగ్గితే వెనక బండి పాములా ఊగుతుంది. మూడు టన్నులకు పదమూడు శాతం చొప్పున 390 కిలోలు. ట్రక్కు మోసేది 680 కిలోలైతే మిగిలేది 290. భార్యాభర్తలూ, ఇద్దరు పిల్లలూ, కుక్కా, ఐస్‌పెట్టే, సైకిళ్లూ... అన్నీ అందులోనే సర్దుకోవాలి! ఆ అంకె డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కరు మీద ఉంటుంది. సన్‌రూఫ్ లాంటి హంగులు పెరిగేకొద్దీ అది తగ్గుతుంది.

పోనీ ఎఫ్-250 కొంటే? మోతకు ఢోకా లేదు. కానీ ఖాళీగా తిరిగేటప్పుడు కుదుపులు, ఊళ్లో పార్కింగ్ తిప్పలు. అందుకే తెలిసినవాళ్లు ముందు క్యాంపర్‌ని ఎంచుకుంటారు. నీళ్లూ సామానూ నింపాక ఎంత తూగుతుందో లెక్కేసుకుని, అప్పుడు షోరూముకెళ్లి ట్రక్కు తలుపు తీస్తారు.