వెండితెరపై రష్యా

సికింద్రాబాదులో ఆంగ్లచిత్రములకు పేరొందిన సంగీత్ చిత్రశాల నేడు లేదు. అట్టి శాలలలో మనవారు రష్యాను చూచినది పరుల కన్నులతోనే. 1971 ఆగస్టులో సోవియట్ రాజ్యము మనతో మైత్రీసంధి చేసికొనెను. ఆంగ్లచిత్రములలో మాత్రము రష్యావాడు తరచుగ గూఢచారియో హంతకుడో!

1957లో ఇయాన్ ఫ్లెమింగ్ వ్రాసిన 'ఫ్రమ్ రష్యా విత్ లవ్' నవలలో కుట్ర పన్నినది సోవియట్ గూఢచారి సంస్థ. 1963లో దానిని చిత్రముగ తీసినవారు ఆ కుట్రను 'స్పెక్టర్' అను కల్పిత నేరస్థుల ముఠాకు అంటగట్టిరి. వర్తకమునకు రాజకీయ మడ్డురాగూడదు గదా!

1991లో సోవియట్ రాజ్యము కూలగా, గూఢచారి పోయి ముఠావాడు వచ్చెను. 1995 నాటి 'గోల్డెన్ ఐ'లో రష్యాయందు దొంగచాటుగ ఆయుధములమ్ము ముఠా కలదు. దాని నాయకుడు ఒకప్పటి బ్రిటిష్ గూఢచారియే యగుట విశేషము. 2007 నాటి 'ఈస్టర్న్ ప్రామిసెస్'లో లండనున పాతుకొన్న రష్యా దొంగలను చూతుము. రష్యాలో ముఠాలు లేకపోలేదు. కాని తెరపై మనకు తెలిసిన రష్యాయంతయు అదియే యగుట శోచనీయము.

తెలుగువారు 1966లో కృష్ణ నాయకుడుగ 'గూఢచారి 116' తీసిరి. నడక బాండు చిత్రములదే. పగ మాత్రము ఎరువు సొమ్ము కాదు, అందలి శత్రువు మన దేశమునకు కీడు తలపెట్టినవాడు. మరుసటి యేడు 'ఫర్జ్' పేర హిందీవారును ఆ కథను తీసికొనిరి.