గండికోట పావురాల గోపురము

ప్రొద్దుటూరు నుండి గాని పులివెందుల నుండి గాని జమ్మలమడుగు మీదుగా గండికోటకు బోవు సోదరీమణులు తప్పక చూడవలసినది యొకటి కలదు. కోటలోని కాలిబాట చెంత, సన్నగా, జాలరి కిటికీలతో నిలిచియున్న గోపురమది. గుడి కాదు, మసీదు కాదు, కాపురమునకు చాలదు. జనులు దానిని పావురాల గోపురమందురు.

పావురములతో కోటవారికేమి పని? వార్తలు పంపుటకని మాతో వచ్చిన పిల్లలు వెంటనే చెప్పిరి. కాని పావురము తాను పెరిగిన గూటికే మరలి వచ్చును. చెప్పినచోటికి పోవునది కాదు. ఇచ్చట పెంచినదానిని గంపలో బెట్టి దూరమునకు గొనిపోయి విడువవలెను. కావున అది తెచ్చునది లోనికి వచ్చు వార్తయే. యుద్ధపు నాళ్లలో కోటలోని యిల్లాండ్రు, పోయినవారు బ్రతికియున్నారో లేదో యని ఆ రెక్కల చప్పుడుకై చెవియొగ్గి యుందురేమో యని తోచి, మాకు కొంతసేపు నోట మాట రాలేదు.

మరియొక యూహయు గలదు. 1650 ప్రాంతమున గోలకొండ పక్షమున ఈ కోటను గైకొన్న మీర్ జుమ్లా పారసీకమున ఇస్ఫహాను సీమవాడు. అచ్చట పావురములకు గోపురములు కట్టి, వాని రెట్టను కర్బూజ తోటలకు ఎరువుగా వాడుచుండిరి. రెట్టనుండి తుపాకిమందునకు వలయు సురేకారమును దీయవచ్చును. 1652లో వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే ఇచ్చటి ఫిరంగుల పోతను గూర్చి వ్రాసెను గదా! అయినను ఆ దేశపు గోపురములు లావైనవి, లోపల వేలకొలది గూళ్లు గలవి. ఎరువుకొఱకైనచో ఇంత నాజూకు కిటికీలేల?

"ప్రొద్దుపోక ముచ్చటకు పెంచుకొనిరేమోనమ్మా" యని మాలో పెద్దామె యనెను. కావచ్చును. మేము మాత్రము ఆ యిల్లాండ్రనే తలచుచు కోటవాకిలి దాటితిమి.