మిద్దెతోట బృందాల సమావేశాలు

మిద్దెతోట బృందాల సమావేశాలు అనగా ఇంటి మిద్దెపైన, బాల్కనీలో లేదా పెరటిలో కూరగాయలు పండించేవారు ఒకచోట కలసి అతిథుల ప్రసంగాలు వినే, విత్తనాలు పంచుకొనే, తోటపనులు చేతితో చేసి నేర్చుకొనే కూడికలు. హైదరాబాదు నగరంలోను, దాని పడమటి భాగమైన హైటెక్ సిటీ, సైబరాబాదు ప్రాంతాలలోను 2010ల దశకం నుండి ఇవి వ్యాప్తిలోకి వచ్చాయి.

నేపథ్యం

మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ఒకప్పుడు రంగారెడ్డి జిల్లాలోని గ్రామాలు. 1998 నవంబరు 22న సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత ఇక్కడి పొలాలు, రాళ్ళగుట్టలు క్రమంగా కార్యాలయాలుగా, అపార్టుమెంట్లుగా మారాయి. శేరిలింగంపల్లి పురపాలక సంఘం 2007లో గ్రేటర్ హైదరాబాదు నగరపాలక సంస్థలో విలీనమైంది.

పల్లెలో వ్యవసాయజ్ఞానం బడిలో నేర్చుకొనేది కాదు. ఏ కార్తెలో ఏది విత్తాలో, ఏ తెగులుకు ఏమి చల్లాలో గట్టు మీద నిలబడి పొరుగు రైతును అడిగితే తెలిసేది. వేర్వేరు జిల్లాల నుండి వచ్చి అపార్టుమెంట్లలో స్థిరపడినవారికి ఆ పొరుగు లేదు. పైగా పొలంలో పుట్టి పెరిగినవారికి సైతం స్లాబు మీద సాగు కొత్తదే. ఈ రెండు లోట్లను తీర్చటమే బృందాల ముఖ్య ప్రయోజనం.

ఇంగ్లండు పల్లెలలో తోటపని సంఘాలు చాలాకాలంగా ఉన్నాయి. అతిథి ప్రసంగం, మొక్కల మార్పిడి, తోటల సందర్శన, ఏడాదికొక ప్రదర్శన వాటి సాధారణ కార్యక్రమాలు. హైదరాబాదు బృందాల పద్ధతి కూడా దీనికి దగ్గరగానే ఉంటుంది. తెలుగునాట ఈ అభిరుచి పెరగటానికి సాక్షి దినపత్రికలోని "ఇంటిపంట" శీర్షిక, తెలంగాణ ఉద్యానశాఖ శిక్షణా తరగతులు తోడ్పడ్డాయి. కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి నగరానికి తూర్పున ఉన్న నారపల్లిలో తన ఇంటిపై మడులు కట్టి కూరగాయలు పండించి, ఆ అనుభవాన్ని "మిద్దెతోట" అనే పుస్తకంగా వెలువరించారు. "సిటీ ఆఫ్ టెర్రస్ గార్డెన్స్" వంటి బృందాలు సభ్యులను ఒకచోటికి చేర్చాయి.

అతిథి ప్రసంగాలు

ప్రసంగించేవారిలో ఉద్యానశాఖ అధికారులు, విశ్రాంత శాస్త్రవేత్తలు, ప్రకృతి వ్యవసాయం చేసే రైతులు, అనుభవం గల సభ్యులు ఉంటారు. రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం, పటాన్‌చెరులో 1972లో స్థాపితమైన ఇక్రిశాట్ సమీపంలోనే ఉండటం వలన ఈ ప్రాంతంలో విషయజ్ఞులకు కొదవ లేదు. సాధారణంగా చర్చకు వచ్చే అంశాలు ఇవి:

* బరువు: తడిసిన మట్టి ఒక ఘనపు మీటరుకు దాదాపు 1,700 కిలోలు తూగుతుంది. ఒక చదరపు మీటరు మడిలో 30 సెంటీమీటర్ల లోతున మట్టి నింపితే సుమారు 500 కిలోల భారం పడుతుంది. మనుషులు తిరిగే మిద్దెపై భారత ప్రమాణాల ప్రకారం సాధారణంగా లెక్కించే అదనపు భారం చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు మాత్రమే. కనుక మట్టిలో కొబ్బరిపొట్టు, పశువుల ఎరువు కలిపి తేలిక చేయాలి. ఆకుకూరలకు 15 సెంటీమీటర్ల లోతు చాలు. పెద్ద కుండీలను స్లాబు నడుమ కాక దూలాలు, స్తంభాలు ఉన్నచోట పెట్టాలి. మడులు కట్టే ముందు ఇంజనీరు సలహా తప్పనిసరి.
* నీరు: అదనపు నీరు నిలవకుండా స్లాబుకు వాలు, నీరు ఇంకకుండా పూత ఉండాలి. కుండీల క్రింది పళ్ళేలలో నీరు నిలిస్తే డెంగీ దోమలు పెరుగుతాయి.
* పోషణ: ఎకరానికి చెప్పిన జీవామృతం కొలతలను మిద్దెకు తగినట్లు తగ్గించుకోవాలి. 20 లీటర్ల నీటికి కిలో ఆవుపేడ, అర లీటరు నుండి లీటరు గోమూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల పప్పుపిండి, గుప్పెడు మట్టి కలిపి రెండు రోజులు నీడలో పులియబెడతారు.
* ఎండ: మే నెలలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటినపుడు షేడ్‌నెట్ కట్టి, ఎండుటాకులతో మట్టిని కప్పాలి.

కార్యక్రమాలు

విన్నదాని కంటె చేసినది గుర్తుంటుంది. అందుచేత ప్రసంగం తరువాత మట్టి కలపటం, నారు నాటటం, వంటింటి వ్యర్థాలతో ఎరువు తయారు చేయటం వంటివి చేయిస్తారు.

వీటిలో చేతితో పరాగసంపర్కం చేయటం ముఖ్యమైనది. ఎత్తైన భవనాలపైకి కీటకాలు తక్కువగా వస్తే పిందెలు పసుపుబారి రాలిపోతాయి. బీర, సొర, పొట్ల పూలు సాయంకాలం విచ్చుకుంటాయి. కాకర, గుమ్మడి, దోస పూలు ఉదయం విచ్చుకుంటాయి. మగపువ్వును కోసి, క్రింద చిన్న పిందె గల ఆడపువ్వు కీలాగ్రానికి దాని పుప్పొడిని అద్దాలి. ఉద్యోగం నుండి సాయంత్రం తిరిగి వచ్చేవారికి బీర, సొర ఈ విధంగా అనుకూలమైన పంటలు.

సభ్యుల తోటల సందర్శన మరొక కార్యక్రమం. బాగా కాసిన తోటతో పాటు పిండినల్లి పట్టిన మందారం, వేరుకుళ్ళుతో చనిపోయిన టమాటా కూడా చూడటం అవసరం. తెగులును కళ్ళతో చూసినవారు తమ ఇంట దానిని తొలిదశలోనే గుర్తిస్తారు.

విత్తనాల మార్పిడి

సమావేశాలకు శాశ్వత విలువనిచ్చేది ఇదే. సంకర (హైబ్రిడ్) మొక్క నుండి తీసిన విత్తనం తల్లిమొక్క గుణాలను నిలుపుకోదు, ప్రతిసారీ కొనవలసిందే. దేశవాళీ రకాల విత్తనాన్ని తీసి మరల విత్తుకోవచ్చును. చిక్కుడు, టమాటా చాలావరకు స్వపరాగసంపర్కం చెందుతాయి కనుక వాటి విత్తనం తీయటం సులభం. సొర, బీర, గుమ్మడి రకాలు పరస్పరం కలిసిపోతాయి. వాటి శుద్ధత నిలపాలంటే విచ్చుకోబోయే మొగ్గలను ముందే గుడ్డతో కట్టి, అదే రకపు పుప్పొడిని అద్ది, మళ్ళీ కట్టి, ఆ కాయకు గుర్తు పెట్టాలి. విత్తనం ఇచ్చేటపుడు రకం పేరు, ఊరు, తీసిన నెల చీటీపై వ్రాయటం మంచి ఆచారం.

పరిమితులు

మిద్దెతోట కుటుంబానికి కావలసిన ఆహారమంతా ఇవ్వలేదు. ధాన్యం, పప్పులు పొలం నుండి రావలసిందే. అద్దె ఇళ్ళలో ఉండేవారికి, మిద్దె ఉమ్మడిదైన అపార్టుమెంట్లవారికి ముందుగా అనుమతి కావాలి.

విత్తనం కూడా దాచినంత కాలం బ్రతకదు. ఉల్లి విత్తనానికి మొలకశక్తి సాధారణంగా ఒకటి రెండు సంవత్సరాలే. ఒకరి ఇంట పంట ఎండిపోతే ఆ రకం పోకుండా ఉండాలంటే అది మరొకరి ఇంట మొలుస్తూ ఉండాలి. పది మందికి పంచటం ఈ బృందాలలో మర్యాద మాత్రమే కాదు, విత్తనాన్ని కాపాడే ఉపాయం కూడా.