ఇంజను ఊపిరి: కామ్‌షాఫ్టూ, టర్బో పరిమాణమూ

మోటారుకారు పెట్రోలుతో నడుస్తుందని అందరూ అంటారు. కాని ఒక కిలోగ్రాము పెట్రోలు పూర్తిగా మండడానికి దాదాపు పదిహేను కిలోగ్రాముల గాలి కావాలి. ఇంజనుకు పెట్రోలును ఎక్కువగా అందించడం తేలిక. గాలిని అందించడమే కష్టం. కమ్మరి తిత్తి ఊదిన కొలదీ కొలిమి రాజుకొన్నట్లే, సిలిండరులోనికి ఎంత గాలి చేరితే ఇంజను అంత శక్తినిస్తుంది. అందువలననే, కారుకు మరింత శక్తి కావాలనుకొన్నవారు ముఖ్యంగా రెండు భాగాలపై దృష్టి పెడతారు. ఒకటి కామ్‌షాఫ్టు, రెండవది టర్బో. ఈ రెండింటినీ విడివిడిగా, పెద్దదైతే మంచిదనే లెక్కన ఎన్నుకొన్నవారి కారు, ఖర్చంతా అయిన తరువాత ఊరిలో మునుపటికంటె మందకొడిగా నడవడం అరుదు కాదు.

నాలుగు ఘాతాల ఇంజనులో క్రాంకు షాఫ్టు రెండు చుట్లు, అనగా 720 డిగ్రీలు తిరిగితే ఒక ఆవృత్తం పూర్తి అవుతుంది. కామ్‌షాఫ్టు అందులో సగం వేగంతో తిరుగుతూ, తనపై ఉన్న కోడిగుడ్డు ఆకారపు ఉబ్బులతో కవాటాలను తెరుస్తుంది. పాఠ్యపుస్తకంలోని బొమ్మను బట్టి చూస్తే, పిస్టను పైకొసన ఉన్నప్పుడు గాలి కవాటం తెరచుకొని, అడుగు కొసకు రాగానే, అనగా 180 డిగ్రీల తరువాత, మూసుకోవాలి. వాస్తవంలో అట్లా చేస్తే ఇంజనుకు ఊపిరాడదు. నిమిషానికి 6,000 చుట్లు తిరిగే ఇంజనులో 180 డిగ్రీలకు దొరికే కాలం సెకనులో రెండువందవ వంతు మాత్రమే!

గాలికి కూడ జడత్వం ఉన్నది. పరుగెత్తుకొంటూ వచ్చిన కుర్రవాడు గడప దగ్గర ఠక్కున ఆగలేనట్లే, గొట్టంలో వేగంగా వస్తున్న గాలి పిస్టను అడుగుకు చేరిన తరువాత కూడ లోనికి దూసుకొని వస్తూనే ఉంటుంది. అందుచేత కవాటాన్ని, ఉదాహరణకు, 10 డిగ్రీలు ముందుగా తెరచి 50 డిగ్రీలు ఆలస్యంగా మూస్తారు. మొత్తం 240 డిగ్రీలు. రోడ్డు కారుకు ఇది ఇంచుమించు తగిన కొలత. పందెపు కారు కామ్ 40 డిగ్రీలు ముందుగా తెరచి, 80 డిగ్రీలు ఆలస్యంగా మూసి, కవాటాన్ని 300 డిగ్రీల పాటు తెరచి ఉంచవచ్చును. 7,000 చుట్ల దగ్గర అది చక్కగా పనిచేస్తుంది. 1,500 చుట్ల దగ్గర గాలికి అంత ఊపు ఉండదు. పైకి లేస్తున్న పిస్టను, అప్పుడే పీల్చిన గాలిని ఇంకా మూతపడని కవాటం గుండా వెనుకకు నెట్టివేస్తుంది. పందెపు కార్లు నిలిచి ఉన్నప్పుడు గుర్రుగుర్రుమంటూ కుదుపుతో ఆడడానికి ఇది ఒక కారణం.

పొగ కవాటం కూడ ఆలస్యంగానే మూసుకొంటుంది కనుక, పిస్టను పైకొసన ఉన్న కొద్దిసేపు రెండు కవాటాలూ ఒకేసారి తెరచి ఉంటాయి. దీనిని ఓవర్‌లాప్ అంటారు. పొగ కవాటానికి కూడ పై కొలతలే పెడితే, మొదటి కామ్‌లో ఇది 20 డిగ్రీలు, రెండవదానిలో 80 డిగ్రీలు. టర్బో కథంతా ఈ ఓవర్‌లాప్‌తోనే ముడిపడి ఉన్నది.

టర్బో అంటే ఒకే ఇరుసుకు బిగించిన రెండు చక్రాలు. ఇంజను విడిచిన పొగ టర్బైను చక్రాన్ని తిప్పుతుంది. రెండవ కొసన ఉన్న కంప్రెసరు చక్రం గాలిని అదిమి సిలిండరుకు పంపుతుంది. స్విట్జర్లాండుకు చెందిన ఆల్ఫ్రెడ్ బ్యూఖి 1905లో దీనికి పేటెంటు పొందాడు. ఇరుసు వేగం నిమిషానికి లక్ష చుట్లు దాటడం మామూలే. అయితే అదిమిన గాలి వేడెక్కుతుంది. 30 డిగ్రీల సెంటిగ్రేడు గాలిని 1.7 రెట్ల పీడనానికి అదిమితే, కంప్రెసరు దక్షత 70 శాతం అనుకొంటే, ఉష్ణోగ్రత సుమారు 100 డిగ్రీలకు చేరుతుంది. వేడి గాలి పలుచన. కనుక పీడనం 1.7 రెట్లు పెరిగినా, సాంద్రత 1.4 రెట్ల కంటె కొంచెం తక్కువే పెరుగుతుంది. వాయు సమీకరణంతో విద్యార్థులే ఈ లెక్క సరిచూడవచ్చును. మధ్యలో ఇంటర్‌కూలరు పెట్టి గాలిని 50 డిగ్రీలకు చల్లార్చితే సాంద్రత దాదాపు 1.6 రెట్లవుతుంది.

ఇక పరిమాణం సంగతి. ఒకే ఆకారం, ఒకే లోహం గల చక్రాలలో జడత్వ భ్రామకం వ్యాసం యొక్క అయిదవ ఘాతాన్ని అనుసరిస్తుంది. వ్యాసం 20 శాతం పెరిగితే జడత్వ భ్రామకం సుమారు రెండున్నర రెట్లవుతుంది! పెద్ద టర్బో మేల్కొనడానికి అంత ఆలస్యం చేయడంలో వింతలేదు. చిన్న టర్బో చప్పున తిరుగుతుంది కాని, ఇంజను వేగం హెచ్చినప్పుడు దాని ఇరుకు టర్బైనులో పొగకు దారి చాలదు. అప్పుడు సిలిండరుకు, టర్బైనుకు నడుమ పొగ పీడనం పెరిగి, లోనికి వచ్చే గాలి పీడనాన్ని కూడ మించిపోతుంది.

ఇక్కడ చెరువు తూమును తలచుకోవాలి. చెరువు మట్టం కాలువ కంటె ఎత్తున ఉంటే తూము తెరచినప్పుడు నీరు పొలానికి పారుతుంది. కాలువ మట్టమే ఎత్తయితే, తూము ఎంతసేపు తెరచి ఉంచితే అంత నీరు వెనుకకు మళ్లుతుంది. ఓవర్‌లాప్ అట్టి తూము. పొగవైపు పీడనం ఎక్కువైతే కాలిన వేడి వాయువు సిలిండరులోనికి తిరిగి వస్తుంది. కొత్త గాలికి చోటు తగ్గడం ఒక నష్టం. అంతకంటె పెద్ద ప్రమాదం, ఆ వేడికి మిశ్రమం తనంతట తానే భగ్గున అంటుకొని, ఇంజను లోపల సుత్తితో కొట్టినట్లు మోగడం. నాకింగు అనే ఈ వ్యాధి ముదిరితే పిస్టన్లకే చిల్లులు పడతాయి.

కాబట్టి చిన్న టర్బోకు ఓవర్‌లాప్ తక్కువ గల కామ్ జతపడుతుంది. పెద్ద టర్బోలో పొగకు దారి విశాలం; గాలి పీడనమే పైచేయిగా ఉండే వేగాలలో ఓవర్‌లాప్ ఎక్కువైతే సిలిండరు శుభ్రంగా కడిగినట్లవుతుంది. జతలు తారుమారు చేస్తే చిక్కు. చిన్న టర్బోకు పందెపు కామ్ పెడితే, కామ్‌కు ఊపిరి వచ్చే వేళకు టర్బోకు ఊపిరి ఆగిపోతుంది. పెద్ద టర్బోకు మెత్తని కామ్ పెడితే ఇంజను చెడదు గాని, టర్బో 4,500 చుట్ల వద్ద లేచేసరికి కామ్ 5,500 దగ్గర అలసిపోతుంది. చేతికి దక్కేది వెయ్యి చుట్ల మేర. రోడ్డుపై ఇంజను బ్రతుకంతా 2,000కూ 5,000కూ మధ్యనే గడుస్తుంది గనుక ముందుగా నిర్ణయించవలసింది ఆ మేర. అటుపిమ్మట టర్బో, దానిని బట్టి కామ్. (భారతదేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, తయారీదారు నిర్ణయించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తున్నది. ఇట్టి ప్రయోగాలకు తగిన చోటు కళాశాల వర్క్‌షాపు, పందెపు బాట.)

రెండు కార్లను పోల్చితే ఈ ఎంపిక బరువు తెలుస్తుంది. జర్మనీలో బి.ఎమ్.డబ్ల్యు. సంస్థ 1969లో టర్బో అమర్చిన 2002 కారుతో ఐరోపా టూరింగు కార్ల పోటీలో నెగ్గి, 1973లో రోడ్డుకు 2002 టర్బోను తెచ్చింది. 1,990 ఘనసెంటీమీటర్ల ఇంజను. 5,800 చుట్ల దగ్గర 170 అశ్వశక్తి. గరిష్ఠ టార్కు 240 న్యూటన్-మీటర్లు, 4,000 చుట్ల దగ్గర. స్వీడనుకు చెందిన సాబ్ సంస్థ 1977లో ప్రదర్శించిన 99 టర్బోలో ఇంజను 1,985 ఘనసెంటీమీటర్లు. శక్తి 145 అశ్వశక్తి, 5,000 చుట్ల దగ్గర. కాగితం మీద సాబ్ ఓడినట్లే. కాని దాని టార్కు 235 న్యూటన్-మీటర్లు, అదీ 3,000 చుట్లకే! సాబ్ ఇంజనీర్లు చిన్న టర్బోను ఎన్నుకొని, పీడనం 0.7 బార్ చేరగానే మిగులు పొగను ప్రక్కదారి పట్టించే వేస్ట్‌గేటు తలుపును పెట్టారు. బి.ఎమ్.డబ్ల్యు. కారులో డ్రైవరు కాలు నొక్కిన తరువాత ఎదురుచూడవలసి వచ్చేది. ఆ పిమ్మట శక్తి ఒక్కసారిగా విరుచుకుపడేది. తడిసిన మలుపులో అది ప్రాణాంతకం కాగలదు. పెట్రోలు కరవు కూడ తోడై, ఆ కారు 1,672 మాత్రమే తయారయింది. సాబ్ మాత్రం టర్బోను తన తరువాతి కార్లకు కూడ కొనసాగించింది.

నేటి ఇంజనులలో ఈ బేరం కొంత మారింది. కామ్‌షాఫ్టును నడుస్తుండగానే ముందుకు వెనుకకు జరిపే ఏర్పాటు ఉన్నది. పెట్రోలును కవాటాలు మూసుకొన్న తరువాత నేరుగా సిలిండరులోనికే చిమ్మవచ్చును. తక్కువ వేగంలో, గాలి పీడనం పొగ పీడనాన్ని మించిన కొద్ది మేరలో, కావాలనే ఓవర్‌లాప్ పెంచుతారు. సిలిండరును కడుగుతూ టర్బైనుకు చేరేది వట్టి గాలే కనుక పెట్రోలు వృథా కాదు. ఆ అదనపు గాలి వలన టర్బో మరింత త్వరగా మేల్కొంటుంది. వేగం పెరిగి పీడనాలు తారుమారు అయ్యేసరికి కామ్ వెనుకకు జరిగి ఆ తూమును మూస్తుంది.