కిలోకూ న్యూటన్‌కూ మధ్య 9.81 ఎందుకు?

చాలా లిఫ్టుల్లో ఓ చిన్న రేకు కనిపిస్తుంది: ‘6 మంది, 408 కిలోలు’. మనిషికి 68 కిలోల చొప్పున కట్టిన లెక్క. అది ద్రవ్యరాశి. కానీ ఉక్కు తాడు ఎంత లావుండాలో తేల్చే ఇంజనీరుకు కావాల్సింది బలం.

భూమి ప్రతి కిలోనూ దాదాపు 9.81 న్యూటన్ల బలంతో కిందికి లాగుతుంది. అందుకే 408ని 9.81తో గుణించాలి. సుమారు 4,000 న్యూటన్లు! లిఫ్టు పెట్టె బరువు దీనికి అదనం. చంద్రుడి మీదైతే ఆ 408 కిలోలు అలాగే ఉంటాయి, గుణించే అంకె మాత్రం 1.62 అవుతుంది.

తికమక ఎక్కడంటే, పాత ఇంజనీరింగ్ లెక్కల్లో బలాన్నీ కిలోల్లోనే రాసేవారు. ఆ ‘కిలోగ్రామ్-ఫోర్స్’ అంటే 9.80665 న్యూటన్లు. పౌండ్లతోనూ ఇదే పేచీ: ఒక పౌండ్-ఫోర్స్ దాదాపు 4.45 న్యూటన్లు.

నాసా వారి అంతరిక్ష నౌక ‘మార్స్ క్లైమేట్ ఆర్బిటర్’ కొంప ముంచింది ఈ 4.45యే. నౌకలోని చిన్న రాకెట్ల తోపుడును ఒక సాఫ్ట్‌వేర్ పౌండ్-ఫోర్స్ సెకన్లలో లెక్కగట్టింది. దారి చూసే బృందం వాటిని న్యూటన్ సెకన్లనుకుంది. 1999 సెప్టెంబరు 23న అంగారకుడికి సుమారు 226 కిలోమీటర్ల ఎత్తున వెళ్లాల్సిన నౌక 57 కిలోమీటర్ల దాకా దిగిపోయిందని తర్వాతి లెక్కల్లో తేలింది.