కోనసీమ నుంచి మన్యానికి సైకిలు మీద

అమలాపురంలోనో, రాజోలులోనో, కొత్తపేటలోనో చదువుకొనే పిల్లలకు సైకిలు కొత్త కాదు. వెనక క్యారియర్ మీద తమ్ముణ్ణి కూర్చోబెట్టుకొని కాలవగట్టు వెంబడి బడికి పోయేవారు మీలో ఎందరో ఉంటారు. అయితే కోనసీమలో సైకిలు ఎక్కవలసిన కొండ ఏదీ? ఏటి మీద వంతెన, కాలవ మీద లాకులు, అంతే. అసలైన మెరక అంటే ఏమిటో మన కాళ్లకు తెలియాలంటే గోదావరికి ఎగువన ఉన్న మన్యానికి పోవాలి.

పదిపన్నెండుమంది విద్యార్థులు, ఇద్దరు ముగ్గురు ఉపాధ్యాయులు కలిసి చేయదగిన అయిదు రోజుల యాత్ర ఇది. అమలాపురంలో బయలుదేరి కొత్తపేట, రావులపాలెం మీదుగా జొన్నాడ వంతెన దాటి, కడియపులంక పూలతోటలు చూసుకుంటూ, ధవళేశ్వరం మీదుగా రాజమండ్రి చేరాలి. ఇది సుమారు 65 కిలోమీటర్లు. రెండోరోజు కోరుకొండ, గోకవరం దాటి రంపచోడవరం. మూడోరోజు మారేడుమిల్లి. రాజమండ్రి నుంచి మారేడుమిల్లికి సుమారు 85 కిలోమీటర్లు. తిరుగుప్రయాణానికి రెండు రోజులు చాలు. మార్గశిర, పుష్యమాసాలలో అయితే ఎండ బాధ ఉండదు. కాని తెల్లవారుజామున మంచు పడుతుంది కనుక పొద్దెక్కి దారి కనబడిన తరువాతే బండ్లు కదలాలి.

మొదటిరోజు మీకు తెలియకుండానే మీరు ఎత్తు ఎక్కుతారు. ధవళేశ్వరం బ్యారేజి దగ్గర నిండు నీటిమట్టం సముద్రమట్టానికి సుమారు 14 మీటర్ల ఎత్తు. అక్కడినుంచి సముద్రం అరవై, డెబ్బై కిలోమీటర్ల దూరం. భాగహారం చేసి చూడండి. కిలోమీటరుకు ఒక జానెడు! కంటికి ఆనని ఈ జానెడు వాలునే ఆర్థర్ కాటన్ వినియోగించుకున్నాడు. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేయించాడు. పంపులూ ఇంజన్లూ లేకుండా కాలవ నీళ్లు వాటంతట అవే మన చేలకు నడిచి వచ్చేది ఈ వాలు వల్లనే. ఇప్పుడున్న బ్యారేజి ఆ పాత ఆనకట్టకు బదులుగా తరువాత కట్టినది.

ఇంత చదునైన దారిలో కూడా అలసట ఎందుకు వస్తుంది? టైరు నేలకు ఆనినచోట నొక్కుకుపోయి మళ్లీ సాగుతూ ఉంటుంది. అందులో కొంత శక్తి వృథా అవుతుంది. గాలి తక్కువైన టైరు మరీ ఎక్కువ నొక్కుకుపోతుంది. కాబట్టి రోజూ బయలుదేరే ముందు పంపు చేతబట్టటం యాత్రికుడి మొదటి పని. రెండోది ఎదురుగాలి. మధ్యాహ్నానికి నేల సముద్రంకన్న త్వరగా వేడెక్కుతుంది. నేల మీది గాలి పైకి లేస్తుంది, సముద్రపు గాలి ఆ చోటికి వస్తుంది. పోయేటప్పుడు అది మనల్ని వెనకనుంచి నెడుతుంది. వచ్చేటప్పుడు మాత్రం మొహాన కొడుతుంది.

ఇక మన్యం సంగతి. మీ బరువు 50 కిలోలు, సైకిలు, సామాను కలిసి 20 కిలోలు అనుకుందాం. ఈ 70 కిలోలను ఒక్క మీటరు ఎత్తు లేపటానికి 70 × 9.8, అంటే 686 జౌళ్ల పని చేయాలి. నూరు మీటర్లకు అయిదు మీటర్లు లేచే మెరకను గంటకు 12 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే, ఎత్తు ఎక్కటానికే సెకనుకు 114 జౌళ్లు, అంటే 114 వాట్లు కావాలి. ఆరోగ్యవంతుడైన మనిషి ఎక్కువసేపు నిలకడగా ఇవ్వగలిగేది 75 వాట్ల చిల్లర. వేగం సగానికి తగ్గిస్తే 57 వాట్లతో సరిపోతుంది. కాని మన మామూలు సైకిలు అంత మెల్లగా తొక్కనివ్వదు.

దీనికి కారణం పళ్లచక్రాలలో ఉంది. ముందు చక్రానికి 44 పళ్లు, వెనక ఫ్రీవీలుకు 18 పళ్లు ఉన్నాయనుకోండి. (మీ సైకిలుకు ఎన్నో లెక్కపెట్టి చూడండి.) పెడలు ఒక్కసారి తిరిగితే వెనకచక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరిగి, బండి సుమారు 5.4 మీటర్లు పోతుంది. గేర్ల సైకిలులో ముందూ వెనకా సమానమైన పళ్లు ఉండేటట్లు మార్చుకుంటే 2.2 మీటర్లే పోతుంది. కాలి మీద భారం సగానికన్న తగ్గుతుంది. చేయవలసిన మొత్తం పని మాత్రం అంతే. బలంలో కలిసివచ్చింది దూరంలో పోతుందన్నమాట. అంతమాత్రాన గేర్ల సైకిలు కొనిపెట్టమని ఇంట్లో మారాం చేయనక్కరలేదు. దిగి నడిపించుకుపోవటం కూడా ఒక గేరే, దానికి ఖర్చు లేదు.

అసలు ప్రమాదం ఎక్కటంలో లేదు, దిగటంలో ఉంది. మారేడుమిల్లి దాటి చింతూరు వైపు పోయే ఘాటురోడ్డు మలుపుల మీద మలుపులు. నూరు మీటర్ల ఎత్తునుంచి కిందికి దిగితే 68,600 జౌళ్ల శక్తి ఎక్కడికో పోవాలి. ఒక గ్లాసెడు నీళ్లను మరిగించటానికి చాలినంత వేడి అది. కొంత గాలి తీసుకుంటుంది, మిగిలినదంతా బ్రేకు రబ్బరు, రిమ్ము మీద పడుతుంది. అందుకని బ్రేకు బిగబట్టి ఉంచకుండా పట్టి వదులుతూ, పట్టి వదులుతూ దిగాలి. ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా నొక్కితే బరువంతా ముందుకు తూలి మనిషి హ్యాండిల్ మీదుగా పడవచ్చు. వేగం రెట్టింపైతే గతిశక్తి నాలుగురెట్లవుతుంది. ఆగటానికి కావలసిన దూరం కూడా సుమారు అంతే పెరుగుతుంది. వాన పడితే తడిసిన ఉక్కు రిమ్మును రబ్బరు సరిగా పట్టదు. అప్పుడు మరో ఆలోచన లేకుండా దిగి నడవాలి.

జట్టులో అందరికన్న నెమ్మదిగా తొక్కేవారు ముందుండాలి, ఉపాధ్యాయుడు ఒకరు చివర ఉండాలి. ముందువారి వెనకే పోతే గాలి తగలదని పెద్ద పందేలవాళ్లు చక్రానికి చక్రం ఆనించినట్లు పోతారు. గంటకు 15 కిలోమీటర్ల వేగంలో ఆ లాభం కొద్దిపాటిదే. ముందువాడు ఆగితే మాత్రం మీద పడటం ఖాయం. మనిషికీ మనిషికీ మధ్య మూడు సైకిళ్ల ఎడం ఉంచండి. రావులపాలెం దాటాక జాతీయ రహదారి మీద లారీల ఒత్తిడి ఎక్కువ కనుక అక్కడ ఒకే వరస.

పంచరు సామాను, స్పేరు ట్యూబు, కాచి చల్లార్చిన నీళ్లు, ఉప్పూ పంచదారా కలిపిన పొట్లాలు అందరూ సర్దుకుంటారు. దోమతెర మరిచిపోతారు. మన్యంలో మలేరియా ఉంది, అది తప్పనిసరి.

దారిపొడుగునా మట్టిని కూడా చూడండి. కోనసీమలో తవ్వినకొద్దీ ఒండ్రుమట్టి, ఇసకే గాని బండరాయి తగలదు. రాజమండ్రి దాటాక ఎర్రనేల కనబడుతుంది, ఆపైన తూర్పుకనుమల ఖోండలైటు రాళ్లు. ఘాటురోడ్డు పక్క వాగులో రాయి పొడిపొడిగా రాలుతున్నచోట ఒక పిడికెడు మట్టి కాగితంలో కట్టుకోండి. ఇంటికి వచ్చాక మన ఏటి ఇసకను దాని పక్కన పోసి భూతద్దంతో చూస్తే, రెండింటిలోనూ మెరిసే గింజలు ఎన్ని ఒకటేనో తెలుస్తుంది.