కూలోడికీ చక్కెర జబ్బే!

"చక్కెర జబ్బు కామందులకొస్తుంది గానీ, రెక్కలాడించుకు బతికే మనకెందుకొస్తుంది?" అని పేటల్లో పెద్దవాళ్లు అంటూనే వుంటారు. ఆ మాటకు కాలం చెల్లింది. దేశంలో 10 కోట్ల మందికి పైగా ఈ జబ్బుతో వున్నారని భారత వైద్య పరిశోధనా మండలి సర్వే 2023లో తేల్చింది. వీళ్లంతా కామందులేనా?

వరికోతకు యంత్రం వచ్చింది. కలుపుకు మందు వచ్చింది. అరవై దాటినవాళ్లను కూలికి పిలిచే నాథుడు లేడు. జన్మంతా పొలం గట్ల మీద తిరిగిన కాళ్లు అరుగు మీద ఆగిపోయాయి. కంచంలో మాత్రం ఏ పూట చూసినా అన్నమే. పప్పూ కూరా అంతంతమాత్రం.

తిన్న అన్నం చక్కెరగా మారి రక్తంలో చేరుతుంది. దాన్ని కండలోకి పంపేది ఇన్సులిన్. ఈ జబ్బులో అది చాలదు, వున్నదీ సరిగ్గా పనిచెయ్యదు. అయితే కండ ఆడుతున్నంతసేపూ ఇన్సులిన్ కోసం చూడకుండా చక్కెరను తనే లాక్కుంటుంది. ఆ మేలు ఒకటి రెండు రోజులుంటుంది. అందుకే వరసగా రెండు రోజులకు మించి నడక మానొద్దు. నాట్లప్పుడు నెల్లాళ్లు నడుం విరిగేలా చేసి, తర్వాత మూడు నెలలు కూర్చుంటే లాభం లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క వారానికి 150 నిమిషాలు. అంటే రోజుకు అరగంట, అయిదు రోజులు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడబోతే ఆయాసం రావాలి. ఆ వేగం చాలు. ఒక్కసారిగా చేతకానివాళ్లు అన్నం తిన్నాక పూటకు 10 నిమిషాలు నడవండి.

వట్టికాళ్లతో నడవొద్దు. ఈ జబ్బులో కాళ్లు మొద్దుబారితే ముల్లు దిగినా తెలియదు, పుండు ముదిరితే కాలే పోతుంది. ఇన్సులిన్, కొన్నిరకాల బిళ్లలు వాడేవాళ్లు ఉత్త కడుపుతో నడిస్తే చక్కెర పడిపోతుంది. చెమట, వణుకు వస్తే వెంటనే బెల్లం ముక్క నోట్లో వేసుకోవాలి. గుండెలో నొప్పి వస్తే ఆగిపోవాలి, ఆస్పత్రికి పోవాలి.

నడుస్తున్నాం గదా అని బిళ్లలు మానకూడదు. 30 ఏళ్లు దాటినవాళ్లకు ఈ జబ్బు పరీక్ష చెయ్యాలన్నది ప్రభుత్వ కార్యక్రమమే. "బిళ్లలు అయిపోయాయి, పో" అంటే ఒంటరిగా తిరిగి రావొద్దు. పదిమందీ కలిసి వెళ్లి అడగండి. పేటకు దారీ, దీపాలూ, రేషన్లో పప్పూ కావాలని సంఘం అర్జీలో రాయించండి. నడవాల్సింది మన కాళ్లే. దారి వెయ్యాల్సింది సర్కారు.